కుంకుమ పళ్లెం అడిగిన ప్రశ్న

కూర్చో భవ్యా. ఆ మంచం చివర కాదు, ఇట్లా దగ్గరికి రా. చెవులు రెండూ ఇక్కడ పెట్టి విను, మధ్యలో ఫోను చూశావంటే మళ్లీ మొదటి నుంచి చెప్తాను. నా మాటలు పత్రికవాళ్లకు తగ్గట్టు దిద్ది రాసుకో, నాకేం కోపం రాదు. కానీ ఎవరు మాట్లాడిన మాట వాళ్లది. మీ ఓబులేసు తాత మాటగానీ, రేణుక మాటగానీ ఒక్క అక్షరం మార్చొద్దు.

రాయి. ఇది నాలుగేళ్ల కిందటి సంగతి. ఆ ఏడు కళ్యాణదుర్గం చుట్టూ విత్తనం వేసిన తర్వాత వాన మొహం చాటేసింది. పొలంలో పని లేదు, ఆడవాళ్లంతా నీడపట్టున ఏదైనా పని దొరుకుతుందా అని చూస్తున్నారు. ఊరి బయట రోడ్డు పక్కన మా చిక్కీ యూనిట్ ఉంది కదా, అది నేనూ మా మరిది ఓబులేసూ కలిసి పెట్టింది. సరుకు కొనడం, అమ్మడం అతని పని. మనుషులను తీసుకోవడం, పని నేర్పించడం నా పని. పన్నెండు మంది ఆడవాళ్లు పనిచేసేవాళ్లు.

యూనిట్‌కు గుండెకాయ రోస్టర్. అంటే గ్యాస్ మంట మీద తిరిగే పెద్ద ఇనుప డ్రమ్ము. వేరుశనగ గింజలు అందులో వేగాలి. అర నిమిషం ఎక్కువైతే చేదు, తక్కువైతే పచ్చి వాసన. దాన్ని నడిపే మనిషి ఉన్నట్టుండి బెంగుళూరులో ఏదో బేకరీకి వెళ్లిపోయాడు. మాకేమో ఆ నెలలో పెద్ద ఆర్డరు. పది రోజుల్లో సరుకు పంపకపోతే ఆ పార్టీ ఇంకెప్పుడూ మన గడప తొక్కదు. నాకు అన్నం సహించేది కాదు. డ్రమ్ము ఊరికే తిరుగుతున్న చప్పుడు ఇంట్లో ఉన్నా వినిపించేది.

అంతకు ముందు నెలలోనే అనంతపురంలో చిన్న యూనిట్ల వాళ్లకు ఒకరోజు శిక్షణ ఇస్తే వెళ్లొచ్చాను. ఇంటర్వ్యూ ఎలా చేయాలో ఒక లాయరమ్మ చెప్పింది. నేను అప్పటిదాకా చేసినవి ఇంటర్వ్యూలే కావని అక్కడే తెలిసింది. మన దగ్గర మనిషి రాగానే ఏమడుగుతాం? ఏ ఊరు, ఎవరి పాపవు, పెళ్లయిందా, మొగుడేం చేస్తాడు, పిల్లలెంతమంది. మూడు ప్రశ్నల్లో కులం కూడా తేలిపోతుంది. లాయరమ్మ ఒక్క మాటన్నది.

"అమ్మా, ఆడమనిషి అనే కారణం చూపి పని ఇవ్వకపోతే చట్టం ఒప్పుకోదు. పనికి సంబంధం లేనిది అడగనే అడగొద్దు. అడిగి, తర్వాత ఆ మనిషికి పని ఇవ్వలేదనుకోండి, అందుకే ఇవ్వలేదని ఆమె అంటే మీ దగ్గర జవాబేముంది?"

ఇంకా చెప్పింది. వచ్చినవాళ్లందరినీ ఒకే ప్రశ్నలు అడగాలి. మార్కులు అప్పటికప్పుడే స్కోర్ షీట్ మీద వేయాలి. ప్రతి మార్కు పక్కన ఒక గడి ఉంటుంది, అందులో ఎందుకు వేశామో ఒక్క వాక్యం రాయాలి. దాన్ని కారణం గడి అన్నది. నేను శ్రద్ధగా అన్నీ రాసుకొచ్చాను. ఇంటికొచ్చి ఓబులేసుకు చెప్తే నవ్వాడు.

"ఏమొదినా, మొగుడు పిల్లల సంగతి అడక్కుండా మనిషిని ఎట్లా తీసుకుంటావు? ఎద్దును కొన్నా పండ్లు చూస్తాము కదా!"

"ఎద్దును కొంటాము గాబట్టి చూస్తాము. మనిషిని కొంటాండామా అప్పా?"



ఇంటర్వ్యూకు ఐదుగురు వచ్చారు. మా ఆఫీసు గది షెడ్డు లోపలే ఉంటుంది. తిండి వస్తువు చేసే చోటు కాబట్టి గేటు లోపలికి ఎవరొచ్చినా గాజులు, పూలు, ముక్కుపుడక తీసేయాలి. బొట్టు బిళ్ల కూడా తీసేయాలి, పాకంలో రాలితే అంతే. తల మీద టోపీ, మెడదాకా ఏప్రాన్. ఐదుగురూ అవి వేసుకుని వరుసగా కూర్చుంటే ఎవరు ఎవరో తెలియలేదు. ఇంటర్వ్యూ అంటే ఇలాగే ఉండాలి అని నాకు లోపల గొప్పగా అనిపించింది. ముందు ప్రశ్నలు, తర్వాత ట్రేడ్ టెస్ట్, అంటే పని చేయించి చూడటం. వేపుడుకు పది మార్కులు, పాకానికి పది, బాధ్యతకు పది.

బాధ్యత ప్రశ్న ఇది: "రోస్టర్ తిరుగుతుండగా కరెంటు పోయింది. ఏం చేస్తావు?"

మొదటి పాప "మీకు ఫోను చేస్తానమ్మా" అన్నది. ఇంకో పాప ఓబులేసును చూసి "ఈ అన్నను పిలుస్తా" అన్నది. ఓబులేసు మీసం సవరించుకున్నాడు. సుజాత అనే అమ్మాయి మన ఊరిదే, చురుకైంది. "మూత తీసి బుడ్డలు కిందికి దించుతా" అన్నది. బుడ్డలంటే వేరుశనగలని పక్కన రాసుకో. ఫరవాలేదు, ఎనిమిది వేశాను. చివర వచ్చింది రేణుక. గుమ్మఘట్ట వైపు నుంచి వచ్చింది, సన్నగా, చిన్న గొంతు.

"ముందు గ్యాస్ ఆపుతానమ్మా. డ్రమ్ము నిలిచిపోతే అడుగునుండేవి మాడతాయి. గ్యాస్ ఆపినాక చేత్తో తిప్పి బుడ్డలు దించుతా. మళ్లీ కరెంటొస్తే డ్రమ్ము తనంతట తాను తిరక్కుండా స్విచ్చి తీసేస్తా. ఎవరి చెయ్యన్నా లోపలుంటే పోతాది కదా."

ఆ చివరి మాట మా పాత ఆపరేటరుకు కూడా తెలియదు. పొద్దున ఆరుకు గేటు దగ్గర ఉండగలవా అని అందరినీ అడిగినట్టే అడిగాను.

"ఈడ మా చిన్నమ్మింట్లో ఉంటానమ్మా. ఐదున్నరకే వస్తా."

బాధ్యతకు తొమ్మిది వేశాను. కారణం గడిలో "ముందు గ్యాస్ ఆపుతానంది" అని రాశాను.

తర్వాత ట్రేడ్ టెస్ట్. వేపుడు నేను పక్కన నిలబడి చూశాను. పాకం దగ్గరికొచ్చేసరికి రేణుక వంతు ఆఖరు. అప్పుడే ఆర్డరు పార్టీ ఫోను చేసింది, సరుకు ఎప్పుడని. నేను బయటికి వెళ్లాను. ఓబులేసు అవతల గింజలు తూకం వేస్తున్నాడు. తిరిగి వచ్చేసరికి రేణుక చేసిన పాకం ముక్క పళ్లెంలో ఉంది. నీళ్లలో వేసి విరిచి చూశాను, గాజుముక్కలా టక్కుమంది. దానికీ తొమ్మిది. మొత్తం ఇరవై ఏడు. సుజాతకు ఇరవై ఐదు. ఓబులేసు తన కాగితంలో ఇద్దరికీ సమానంగా వేశాడు. కాబట్టి తేల్చేది నా కాగితమే.

ఇప్పుడు జాగ్రత్తగా విను. తప్పు ఇక్కడ జరిగింది.

మా యూనిట్‌లో ఒక అలవాటుంది. లోపలికొచ్చేటప్పుడు బొట్టు తీయించాం కదా, బోడి నుదుటితో ఆడవాళ్లను ఇంటికి పంపడం బాగుండదని పని అయిపోయాక గేటు దగ్గర అంజినమ్మ కుంకుమ పళ్లెం పట్టుకుని నిలబడుతుంది. అందరికంటే పాత మనిషి ఆమె. ఆ అలవాటు పెట్టింది నేనే. ఆ రోజు కూడా పళ్లెంతో నిలబడింది. నేను ఆపాలని తోచలేదు. అది ఇంటర్వ్యూలో భాగమని ఎవరనుకుంటారు?

ఆఫీసు కిటికీలోంచి చూస్తున్నాను. మొదటి పాప కుంకుమ పెట్టుకుని, మంగళసూత్రానికి కూడా అద్దుకుంది. సరే, పెళ్లయింది. రెండో ఆమె "నాకొద్దక్కా" అని నవ్వి సలాం చేసి వెళ్లింది. ఆమె ఎవరో తెలిసింది. సుజాత పెట్టుకుంది. ఇంకో ఆమె కూడా. రేణుక వచ్చింది. అంజినమ్మ పళ్లెం ముందుకు చాచింది. రేణుక కుడి చెయ్యి కొంగులోకి లాక్కుని, తల వంచుకుని, పక్కనుంచి వెళ్లిపోయింది.

నా పక్కన ఓబులేసు నాలుక చప్పరించాడు.

"అయ్యో పాపం, మొగుడు లేనట్టుండాది వదినా."

నేను కుర్చీలో కూర్చున్నాను. పిల్లలుంటారేమో, మగదిక్కు లేదు, పొద్దున ఆరుకు ఎట్లా వస్తుంది, పిల్లకు జ్వరమొస్తే రోస్టర్ ఎవరు చూస్తారు, ఆర్డరు ఏమవుతుంది. ఇవన్నీ మనసులో తిరిగాయి. ఐదున్నరకే వస్తానని ఆమె చెప్పిన మాట మాత్రం తిరగలేదు. పెన్ను చేతిలో ఉంది. బాధ్యత దగ్గర తొమ్మిది కొట్టేసి ఆరు వేశాను. భవ్యా, ఇది ఎవరో చెప్తే చేసింది కాదు. నా చెయ్యే చేసింది. ఇరవై ఏడు కాస్తా ఇరవై నాలుగైంది.

ఓబులేసు కూడి చూశాడు. "సుజాతే వదినా, ఒక మార్కు ఎక్కువుండాది. మనూరి పాప, మంచిదే. ఫోను చేసి చెప్పేదా?" అని అప్పుడే నంబరు నొక్కుతున్నాడు.

"ఆగప్పా. కారణం రాయనీ."

ఆరు పక్కన గడిలో ఇదివరకు రాసిన "ముందు గ్యాస్ ఆపుతానంది" అలాగే ఉంది. దాన్ని కొట్టేసి కొత్త కారణం రాయాలి. పెన్ను పెట్టాను. ఏమని రాయాలి? కుంకుమ తీసుకోలేదు అని రాయాలా? మొగుడు లేడేమో అనుకున్నాను అని రాయాలా? లాయరమ్మ ముందు ఈ కాగితం పెడితే? అంతదాకా ఎందుకు, ఆ రేణుకే వచ్చి చూపించమంటే? నేను ఒక్క ప్రశ్న కూడా తప్పు అడగలేదు. నా పళ్లెం అడిగింది. ఐదుగురినీ అడిగింది, ఐదుగురి జవాబూ నేను కిటికీలోంచి రాసుకున్నాను.

"ఏమొదినా, బిరీన రాయి. ఇంకెంతసేపు?"

"రాయలేకపోతాండాను అప్పా."

"అంత పెద్ద కారణమా?"

"రాసేదానికి కారణమే లేదు."

అప్పుడే అంజినమ్మ పాకం బాణలి కడగడానికి తీసుకుపోతూ గుమ్మం దగ్గర ఆగింది.

"ఏమి అంజినమ్మా?"

"అమ్మా, మీరు తిడతారేమో. ఆ గుమ్మఘట్ట పాపకు చెయ్యి కాలిందమ్మా. గరిటె పిడి ఊడిపాయె. పాకం కుడి చేతిమీద పడె. నేను నీళ్లు పోసినా. చెప్పద్దక్కా, చెయ్యి కాల్చుకునేదానికి పనెవరిస్తారు అని నా చేతులు పట్టుకునె. ఎడమ చేత్తోనే పాకం దించె. ఎవరికీ తెలీకూడదని గేటుకాడ పళ్లెం కూడా అందరికి పట్టినట్టే పట్టినా."

ఆ గరిటె పిడి వదులైందని మా అందరికీ తెలుసు. మా వాళ్లు గుడ్డ చుట్టి పట్టుకుంటారు. కొత్తగా వచ్చినవాళ్లకు ఎవరు చెప్పాలి? నేనే. ఫోను మాట్లాడుతూ బయట ఉన్నాను. కుంకుమ తీసుకోలేదని అంత దూరం నుంచి చూడగలిగిన కళ్లకు, ఆ చెయ్యి ఎందుకు లాక్కుందో కనపడలేదు.

దరఖాస్తులో ఉన్న నంబరుకు చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్లీ చేశాను. మూడోసారి కూడా అంతే. ఆమె ఎక్కాల్సిన రాయదుర్గం బస్సుకు ఇంకా పావుగంట ఉందని అంజినమ్మ అన్నది. పాకం కాలడమంటే నీళ్లు కాలినట్టు కాదు, చర్మానికి అతుక్కుని లోపలికి పోతుంది. ఆ చెయ్యితో రెండు బస్సులు మారి ఊరికి పోయిందంటే నాటు మందేదో పూసుకుంటుంది. చెయ్యి పాడైతే? మా షెడ్డులో, నా గరిటెతో.

"ఓబులేసూ, బండి తీ."

"నువ్వు బండెక్కుతావా వదినా? నడుము?"

"నడుము సంగతి నేను చూసుకుంటా. తీ."

బస్టాండుకు వెళ్లేసరికి బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. కండక్టరు మెట్టు మీద నిలబడి ఉన్నాడు. నేను అతన్ని తోసుకుని ఎక్కాను. నాలుగో సీటులో కిటికీ పక్కన రేణుక. కుడి చేతికి తడి కొంగు చుట్టుకుని ఒడిలో పెట్టుకుంది. ఫోను కాళ్ల దగ్గర సంచిలో మోగుతోంది. నన్ను చూసి లేవబోయింది.

"చెయ్యి చూపించు తల్లీ."

"ఏం లేదమ్మా. పది దినాల్లో మానుతాది. నాకు ఎడమ చెయ్యి కూడా బాగా ఆడతాది. పాకం చూసినారు కదా."

కొంగు విప్పాను. అరచెయ్యి మీద, వేళ్ల సందుల్లో బొబ్బలు. నా వెనకాలే ఎక్కిన ఓబులేసు కూడా చూశాడు. మొహంలో జాలి, ఆ వెంటనే ఏదో బరువు దిగినట్టు ఒక ఊపిరి.

"అంటే చెయ్యి కాలి కుంకుమ తీసుకోలేదన్నమాట! మేము వేరేగా అనుకుంటిమి. నీకు మొగుడుండాడు కదా పాపా?"

రేణుక అతన్ని చూసింది. కోపం లేదు, ఆశ్చర్యం కూడా లేదు. ఇంతకుముందు చాలా చోట్ల విన్న ప్రశ్న మళ్లీ విన్నట్టు చూసింది.

"అది కూడా మార్కులేనా అన్నా?"

బస్సులో ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగారు. నాకు మాత్రం ఆ మాట అతన్ని అడిగినట్టు అనిపించలేదు. ఎందుకంటే చెయ్యి కాలినందుకే కుంకుమ తీసుకోలేదని వినగానే నాకూ లోపల అదే ఊపిరి వచ్చింది, అయితే ఇబ్బంది లేదులే అని. ఆమెకు మొగుడు లేకపోతే మాత్రం ఆ తొమ్మిది ఆరు కావాలా? మార్కు కొట్టేసినప్పటికంటే ఆ ఊపిరికే నేను ఎక్కువ సిగ్గుపడ్డాను.

"కాదు తల్లీ," అన్నాను. "అది మార్కు కాదు. అడిగినందుకు తప్పు మాది. దిగు, ఆసుపత్రికి పోదాం."

"దిగితే పని పోతాదా అమ్మా?"

"దిగకపోయినా పోదు."

కండక్టరు విజిలు నోట్లోంచి తీసి, "ఏమమ్మా, దిగుతారా, మీరు కూడా రాయదుర్గానికి టికెట్టు తీసుకుంటారా?" అన్నాడు. అప్పుడు నవ్వింది రేణుక.

డాక్టరు కట్టు కట్టి పది రోజులు తడపొద్దన్నాడు. సాయంత్రం యూనిట్‌కు తిరిగొచ్చి స్కోర్ షీట్ తీశాను. కొత్త కాగితం రాద్దామని ఓబులేసు అన్నాడు. వద్దన్నాను. కొట్టేసిన తొమ్మిదీ ఉండనీ, ఆరును కూడా కొట్టేసి పక్కన మళ్లీ తొమ్మిది వేసి సంతకం పెట్టాను. కారణం గడిలో కొత్తగా రాయాల్సిన పని లేదు. అది మొదటి నుంచీ అక్కడే ఉంది.

రెండో రోజు సుజాత వచ్చింది. తనకెందుకు రాలేదో అడిగితే ఇరవై ఐదు, ఇరవై ఏడు అని కాగితం ముందు పెట్టాను. చదివింది. "కరెంటు పోతే ముందు గ్యాస్ ఆపల్లని నాకు తట్టలేదమ్మా" అన్నది. తర్వాత వేలు పెట్టి, "ఈడ ఈ కొట్టివేతలేమి?" అన్నది. అబద్ధం నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను. "అట్లయితే ఒక మార్కు నేను ముందుండింది కూడా ఆ పళ్లెం ఇచ్చిందే కదా" అని లేచి వెళ్లిపోయింది. ఎక్కడైనా ఫిర్యాదు చేస్తుందేమోనని చాలా రోజులు గేటు చప్పుడైతే ఉలిక్కిపడేదాన్ని. చేయలేదు. చేసి ఉంటే ఆ కాగితమే చూపించేదాన్ని, వేరే దారి లేదు.

ఆ పది రోజులూ రేణుక స్టూలు మీద కూర్చుని చెప్పేది, ఓబులేసు రోస్టర్ నడిపేవాడు. "అన్నా, మంట తగ్గించు. అన్నా, ఆ చప్పుడు వినపడలేదా, గింజ పేలుతాండాది." అతను చెమటలు కక్కుతూ, "నాకు మార్కులెన్ని పాపా?" అనేవాడు. "ఇంకా వేయలేదన్నా" అనేది. సరుకు రెండు రోజులు ఆలస్యమైంది, నాలుగు మాటలు పడ్డాం, కానీ పోయింది.

ఇక నేర్చుకున్నదేమిటో రాయి. ప్రశ్నల కాగితం సరిగ్గా ఉంటే ఇంటర్వ్యూ సరిగ్గా ఉన్నట్టు కాదు. టీ ఇచ్చేటప్పుడు అడిగే మాట, గుమ్మం దగ్గర చేసే మర్యాద, అన్నీ అడుగుతూనే ఉంటాయి. మనం విననట్టు నటిస్తాం, చెయ్యి మాత్రం వింటుంది. ఆ పళ్లెం ఇప్పుడు గేటు బయట గోడ గూట్లో ఉంటుంది, పక్కన చిన్న అద్దం. కావలసినవాళ్లు పెట్టుకుంటారు, లేనివాళ్లు పోతారు, చూసేవాళ్లెవరూ ఉండరు. గేటు లోపల ఇప్పుడు రేణుక నిలబడుతుంది. ట్రేడ్ టెస్ట్ చేసి వచ్చిన ప్రతి మనిషినీ రెండు చేతులూ చాపమంటుంది. కాలిందా, తెగిందా అని తిప్పి చూసి పంపుతుంది. గరిటెలన్నిటికీ కొత్త పిడులు.

ఏమి, ఏదో అడగాలని చూస్తున్నావు?

"అవ్వా, అంతా బాగుండాది గానీ... ఇంతకీ ఆమెకు మొగుడుండాడా, లేడా?"

చూసినావా, ఇంతసేపు విని నువ్వు కూడా అదే అడుగుతాండావు. నాకు తెలుసు. రెండేండ్ల తర్వాత తనే చెప్పింది, నేను అడగలేదు. కానీ ఈ కాగితంలో మాత్రం రాయించను, ఎందుకంటే చదివేవాళ్లు కూడా అప్పుడు నా లాగే ఒక ఊపిరి—

"అత్తా! సంగటి చల్లారిపోతాండాది, మామ కూడా కూర్చున్నాడు, వస్తారా లేదా?"

వస్తాండాను తల్లీ, వస్తాండాను. లే భవ్యా, కోడలు పిలుస్తాండాది, చేతులు కడుక్కో, మిగిలింది తిన్నాక రాసుకుందువు.